పొగ విస్కీకి వయసొస్తే: లగవూలిన్ 16 టేస్టింగ్

హాయ్ అండి, ఇవాళ గ్లాసులో లగవూలిన్ 16 పోశాను, అంటే పీపాలో 16 ఏళ్ళు ఉన్న విస్కీ. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఒక దీవి ఉంది, స్పెల్లింగ్ చూసి మనవాళ్ళు ఇస్లే అంటుంటారు గానీ పలకడం మాత్రం ఐలా, ఈ విస్కీ కాచే డిస్టిలరీ 1816 నుంచీ అక్కడే.

ముందు వాసన చూద్దాం. మూత తియ్యగానే మా ఫ్రెండ్ ఒకడు "డెట్టాల్ పోశావేంట్రా" అన్నాడు, నవ్వాను గానీ వాడి ముక్కు కరెక్టే! మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ కాలుస్తారు, పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచూ గడ్డీ, కోసి ఎండబెడితే పిడకల్లా మండుద్ది, ఆ పొగలో ఉండే ఫినాల్స్ అనే ఘాటు వాసన రసాయనాలు గింజకి పట్టేస్తాయి. 1865లో గ్లాస్గోలో లిస్టర్ అనే సర్జన్ గాయాలకి వాడిన కార్బాలిక్ యాసిడ్ ఉంది చూశారా, అదీ ఫినాలే. మరి ఆసుపత్రి గుర్తు రాక ఏమొస్తది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. లగవూలిన్ 35 పీపీఎం, అంటే పది లక్షల్లో 35 వంతుల ఫినాల్స్, అని చెప్పుకుంటారు కదా, అది బార్లీ లెక్కండీ, సీసాలోది కాదు, బట్టీ దిగేసరికే చాలా పోద్ది, తర్వాత పీపాలో ఏళ్ళు గడిచే కొద్దీ ఇంకా తగ్గుద్ది. అంటే పాతదయ్యే కొద్దీ పొగ పెరగదు, మెత్తబడుద్ది. ఇదే కంపెనీ 8 ఏళ్ళది తాగితే పచ్చికట్టెల పొగ మొహాన కొట్టినట్టు ఉంటది, అది 48 శాతం ఆల్కహాల్ కూడాను, ఇదేమో 43.

చిన్న గుక్క, వెంటనే మింగకండి. మొదట ఖర్జూరం లాంటి తీపి, చిక్కటి టీ డికాషన్, కాస్త ఉప్పదనం, మింగాక అప్పుడొస్తది పొగ, భోగి మర్నాడు చొక్కాకి మిగిలిన వాసనలా. నాకైతే ఈ లేటుగా రావడమే ఇష్టం, డబ్బులు దానికే ఇచ్చాననుకుంటా. పైగా పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోద్ది, 16 ఏళ్ళ మీద ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఐస్ వద్దు, చల్లబడితే వాసన ముడుచుకుపోద్ది. నాలుగు చుక్కల నీళ్ళు చాలు. మిర్చి బజ్జీ పక్కన పెట్టుకున్నారా, ఇక నాలుకకి ఏదీ తెలీదు.

అయ్యాక గ్లాసు కడగొద్దు, పొద్దున్నే లేచి ఒకసారి వాసన చూడండి, ఖాళీ గ్లాసులో ఏం మిగిలిందో కామెంట్లో చెప్పండి.