మాంద్యంలో మొదలవని ఆటలు

అందరికీ నమస్కారం.

ఆర్థిక మాంద్యం అన్న మాట వినపడినప్పుడల్లా వీడియో గేమ్ పరిశ్రమ గురించి ఒక ధీమా కూడా వినిపిస్తుంది. జనం షికార్లు తగ్గించుకుంటారు, కొత్త బట్టలు వాయిదా వేసుకుంటారు గానీ, ఇంట్లో కూర్చుని ఆడుకోవడం మానరు, కాబట్టి ఈ రంగానికి మాంద్యం అంటదు అని. అందులో సగం నిజమే. మిగతా సగం గురించి మాట్లాడదామనే వచ్చాను.

ముందు ఆ నిజమైన సగం చూద్దాం. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత రెండు నెలల్లో వచ్చిన గేములు తలచుకోండి. అక్టోబరులో డెడ్ స్పేస్, ఫేబుల్ 2, ఫాలౌట్ 3. నవంబరులో గేర్స్ ఆఫ్ వార్ 2, కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్, మిర్రర్స్ ఎడ్జ్, లెఫ్ట్ 4 డెడ్. నవంబరు 13న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేముకు కొనసాగింపుగా విడుదలైన రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ మొదటి 24 గంటల్లోనే 28 లక్షల కాపీలు అమ్ముడైంది. బ్యాంకులు కుప్పకూలిన ఆ ఏడాదే అమెరికాలో ఈ రంగం అమ్మకాలు 2,100 కోట్ల డాలర్లు దాటాయి. అంతకు ముందటేడు కంటే అది దాదాపు 19 శాతం ఎక్కువ.

మరి ఆ గేములు ఎప్పటివి? ఏవీ 2008లో మొదలుపెట్టినవి కావు. పెద్ద గేమ్ తయారు కావడానికి రెండేళ్లు, మూడేళ్లు, ఇప్పుడైతే ఐదేళ్లు కూడా పడుతోంది. అంటే 2008 చివర్లో అల్మరాల్లో కనిపించినదంతా అప్పులు తేలిగ్గా పుట్టే రోజుల్లో చల్లిన విత్తనాల పంట. విత్తనం చల్లని ఏడాది లోటు ఆ ఏడాది తెలియదు, కోతలప్పుడు తెలుస్తుంది. మాంద్యం గేమ్ పరిశ్రమను కొట్టేది అలాగే. అమ్మకాల లెక్కలో ముందు కనపడదు. ఏ గేములు అసలు మొదలు కాలేదో, ఏవి సగంలో ఆగిపోయాయో ఆ జాబితాలో ఉంటుంది దెబ్బ. ఆ జాబితాను ఎవరూ అచ్చు వేయరు.

డబ్బు నడిచే తీరు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గేములు తయారుచేసే స్టూడియోకి సొంత పెట్టుబడి లేకపోతే, డబ్బు పెట్టి ఆ గేమును అమ్మే పబ్లిషర్ మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వడు. ఫలానా తేదీకి ఆడించి చూపగల నమూనా, ఫలానా తేదీకి మొదటి దశ మొత్తం, ఇలా ఒక్కో మైలురాయికి ఒక్కో వాయిదా. చేసిన పని చూసి, సరే అన్నాకే చెల్లింపు. ఆ వాయిదా మీదే వచ్చే నెల జీతాలు నడుస్తాయి. మాంద్యం రాగానే పబ్లిషర్ చేసే మొదటి పని, ఇంకా ఏడాదిన్నర పని మిగిలి ఉన్న కొత్త గేమును ఆపేయడం. విడుదలకు దగ్గరపడ్డదాన్ని ఆపడు, ఎందుకంటే అప్పటికే ఖర్చు అయిపోయింది, అమ్మితే కొంతైనా చేతికొస్తుంది. కాబట్టి ఆ ఏడాది విడుదలలు నిండుగానే ఉంటాయి. స్టూడియోలో మాత్రం ఒక వాయిదా ఆగితే రెండు మూడు నెలల్లో తలుపులు మూసుకోవాల్సిన పరిస్థితి.

ఎన్‌సెంబుల్ స్టూడియోస్ సంగతి నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ చేసిన వాళ్లు వాళ్లు. యజమాని అయిన మైక్రోసాఫ్ట్ 2008 సెప్టెంబరులో, హేలో వార్స్ పూర్తి కాగానే స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించింది. అంటే గేమ్ ఇంకా చేతిలో ఉండగానే! మరుసటి నెలల్లో వాళ్లు రోజూ ఆఫీసుకు వచ్చి బగ్గులు సరిచేశారు, యుద్ధ రంగాల్లో బలాబలాలు తూచారు. ఉద్యోగం ఫలానా రోజుతో సరి అని తెలిసి కూడా చేశారు. 2009 తొలి నెలల్లో గేమ్ బయటికొచ్చేసరికి స్టూడియో లేదు. కొన్నవాళ్లకు అది మామూలు కొత్త విడుదల.

2009లో మిగతా సగం బయటపడింది. అమెరికా అమ్మకాలు 8 శాతం తగ్గాయి. మోర్టల్ కాంబాట్ సొంతదారు మిడ్‌వే ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నవంబరులో 1,500 ఉద్యోగాల కోత ప్రకటించి, పాండెమిక్ స్టూడియోస్‌ను మూసేసింది. అదే నెల 10న వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 2 ఒక్క రోజులో ఉత్తర అమెరికా, బ్రిటన్‌లలో 31 కోట్ల డాలర్లు రాబట్టింది. ఈ రెండూ ఒకే నెల వార్తలు. మాంద్యంలో డబ్బు మాయం కాదు, నాలుగైదు పేర్ల దగ్గర పోగవుతుంది.

ఇందులో ఆడేవాళ్ల తప్పు నాకేమీ కనపడదు. నెలకు ఒక్క గేమ్ కొనే స్తోమత ఉన్న మనిషి పూర్తి ధర పెట్టేటప్పుడు తెలిసిన పేరు వైపే చూస్తాడు. మిర్రర్స్ ఎడ్జ్ లాంటి కొత్త ప్రయత్నాన్ని ధర తగ్గాక చూద్దాంలే అనుకుంటాడు. కానీ పబ్లిషర్ లెక్క మొదటి కొన్ని వారాల అమ్మకాలతోనే తేలిపోతుంది. సగం ధరకు కొని, ప్రాణం పెట్టి ఆడి, నలుగురికీ చెప్పిన అభిమాని ఆ లెక్కలోకి ఆలస్యంగా వస్తాడు.

1983లో అమెరికా వీడియో గేమ్ రంగం కుప్పకూలిన పతనాన్ని కూడా చాలామంది మాంద్యం ఖాతాలో వేస్తారు. అది సరికాదు. అమెరికాలో ఆ నాటి మాంద్యం 1982 చివరికే ముగిసింది. నాసిరకం గేములు లెక్కకు మించి దుకాణాల మీద పడి, కొనేవాళ్లకు నమ్మకం పోయింది. ఈ.టీ. సినిమా ఆధారంగా ఐదారు వారాల్లో చేయించిన గేమ్ కాపీలను అటారీ కంపెనీ న్యూ మెక్సికోలో పూడ్చిపెట్టింది ఆ ఏడాదే. డిమాండు పడిపోవడం వేరు, నమ్మకం పోవడం వేరు. రెండోది కోలుకోవడానికి జపాన్ కంపెనీ నింటెండో వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

మన కాలానికి వద్దాం. 2023లో ఆటగాళ్లకు కొరత లేదు. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది, బాల్డర్స్ గేట్ 3 అవార్డులన్నీ ఊడ్చుకుపోయింది. అదే ఏడాది వేల మంది ఉద్యోగాలు పోయాయి. కోవిడ్ రోజుల్లో అందరూ ఇళ్లలో ఉండి ఆడారు, వడ్డీలు దాదాపు సున్నా. ఆ ఊపు ఎప్పటికీ ఉంటుందనుకుని కంపెనీలు స్టూడియోల మీద స్టూడియోలు కొన్నాయి. 2022 నుంచి వడ్డీలు పెరిగాయి, జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. తప్పు అంచనా వేసింది పైనున్న వాళ్లు, మూల్యం చెల్లించింది కింద ఉన్నవాళ్లు. 30 ఏళ్ల చరిత్ర ఉన్న వోలిషన్ స్టూడియో 2023 ఆగస్టులో మూతపడింది. హై-ఫై రష్ లాంటి ముచ్చటైన కొత్త గేమ్ చేసి మెప్పు పొందిన టాంగో గేమ్‌వర్క్స్‌ను మరుసటి మే నెలలో మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఆ తర్వాత దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ చేరదీసింది కాబట్టి సరిపోయింది. మంచి గేమ్ చేస్తే ఉద్యోగం నిలుస్తుందన్న భరోసా కూడా లేకపోతే, కొత్తగా ఆలోచించే సాహసం ఎవరు చేస్తారు?

చిన్న బృందాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటి మీద నాకు చాలా ఆశ ఉంది. మైన్‌క్రాఫ్ట్ తొలి రూపం జనంలోకి వచ్చింది 2009 మే నెలలో, మాంద్యం మధ్యలోనే. ఒక చిన్న బృందం చేసిన సిల్క్‌సాంగ్‌ను 2025 సెప్టెంబరు 4న 20 డాలర్లకే అమ్మితే కొనేవాళ్ల తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలు మొరాయించాయి. అయితే ఆ తేదీ తెలియగానే ఎన్నో చిన్న గేములు తమ విడుదలలను వెనక్కి జరుపుకున్నాయి. పెద్దవాళ్ల మధ్యే కాదు, చిన్నవాళ్ల మధ్య కూడా చోటు ఇరుకే.

ఎన్‌సెంబుల్ నుంచి బయటికొచ్చిన కొందరు 2009లోనే రోబోట్ ఎంటర్‌టైన్‌మెంట్ పెట్టారు, 2011లో ఓర్క్స్ మస్ట్ డై! విడుదల చేశారు. అందరికీ అలా కుదరదు. చాలామంది ఈ రంగమే వదిలి వెళ్లిపోతారు. పదేళ్ల అనుభవం ఉన్న యానిమేటర్ వేరే పనిలో కుదురుకున్నాక, రోజులు బాగుపడి కబురు పంపినా తిరిగి రాడు. అందుకని మీలో గేములు కొనేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. కొత్త బృందం చేసిన కొత్త గేమ్ నచ్చితే, వీలైనంతవరకూ విడుదలైన వారంలోనే కొనండి. తర్వాతి వాయిదా వాళ్లకు అందుతుందా లేదా అన్నది ఆ వారంలోనే తేలుతుంది.