అప్పు తీర్చేశాక కూడా సిబిల్ స్కోరు ఎందుకు పెరగట్లేదు?

“బాకీ మొత్తం కట్టేశాం, సిబిల్ ఎందుకు పెరగలేదు?” ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక సంగతి తేలాలి. మీ రిపోర్టులో ఆ అప్పు పక్కన ‘క్లోజ్డ్’ (మొత్తం కట్టి మూసేసినది) అని ఉందా, ‘సెటిల్డ్’ (కొంత కట్టి తెగ్గొట్టుకున్నది) అని ఉందా? రెండూ ఒకటేనని ఇంకా ఎంతోమంది అనుకుంటున్నారు. అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఈ ఒక్క మాట దగ్గరే హోమ్ లోన్లు ఆగిపోతాయి.

సిబిల్ రిపోర్టు అంటే మీ అప్పులు, వాయిదాల చరిత్ర. దాన్ని బడిలో హాజరు పట్టీ అనుకోండి. ఒక్కో అప్పుకు ఒక్కో వరుస, నెలకో గడి, 36 నెలల దాకా గడులు. వేళకు కడితే 000. వాయిదా 30 రోజులు ఆలస్యమైతే 030. జూన్‌లో బడి ఎగ్గొట్టి జులైలో రోజూ వెళ్లినా జూన్ గడి మారదు కదా! అప్పు తీర్చినా అంతే. బాకీ సున్నా అవుతుంది, పాత ఆలస్యాలు అలాగే ఉంటాయి.

ఇక సెటిల్‌మెంట్. బ్యాంకుకు 80,000 రావాలి. రికవరీ వాళ్లు “45,000 కట్టండి, ముగించేద్దాం” అంటారు. మీరు కడతారు. మిగతా 35,000 బ్యాంకు వదులుకుంది, రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడింది. అంటే మీకు టీసీ ఇచ్చారు, కానీ దాని మీద ‘ఫీజు పూర్తిగా కట్టలేదు’ అని రాసి ఇచ్చారు. ఇంకో బడివాళ్లు చూసేది ఆ రాతే.

దీన్ని సరిచేయొచ్చు. వదిలేసిన మొత్తం ఎంతో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. అది కడితే స్టేటస్ ‘క్లోజ్డ్’గా మార్చి పంపుతామని డబ్బు కట్టకముందే ఉత్తరం తీసుకోండి. ఫోన్‌లో ఇచ్చిన మాట మీద ఒక్క రూపాయి కట్టొద్దు. కట్టాక రసీదు, నో డ్యూస్ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదనే పత్రం) రెండూ దాచుకోండి. అప్పును ఏఆర్‌సీకి (మొండి బాకీలు కొనే కంపెనీకి) అమ్మేసి ఉంటే ఆ కాగితాలు వాళ్ల దగ్గర్నుంచి రావాలి.

పట్టీలో హాజరు వేసేది టీచరు, అంటే బ్యాంకు. సిబిల్ ఆ పట్టీని భద్రపరిచే ఆఫీసు మాత్రమే. బ్యాంకు ఒప్పుకోకుండా అది ఒక్క గడి కూడా దిద్దదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పక్షానికోసారి వివరాలు పంపాలి. కాబట్టి కట్టాక ఒక నెల ఆగి రిపోర్టు తీయండి. సిబిల్‌తో పాటు అదే పని చేసే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు, మొత్తం నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు కనబడితే ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (తప్పు దిద్దమనే ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి. అప్పటికీ తేలకపోతే ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

అయితే తప్పుగా పడిన గడి మాత్రమే మారుతుంది. నిజంగా ఆలస్యమైన నెలను ఎవరూ చెరపలేరు. “నెలలో స్కోరు 800 చేయిస్తాం” అంటూ వేలు అడిగేవాళ్లకు దయచేసి పైసా ఇవ్వకండి. అప్పుల్లోంచి ఇప్పుడే బయటపడ్డవాళ్ల దగ్గరే వాళ్లు డబ్బు గుంజుతారు.

అసలు చాలామంది పట్టించుకోనిది ఇది. అప్పులన్నీ మూసేశాక క్లాసే జరగదు. క్లాసు లేకపోతే కొత్త హాజరు ఎక్కడ పడుతుంది? మూసిన వరుస పాత ఆలస్యాలతోనే అలా నిలిచిపోతుంది. దాని పక్కన శుభ్రమైన కొత్త వరుస మొదలవ్వాలి. అందుకు అన్నిటికంటే సులువైన దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. డిపాజిట్ హామీగా ఉంటుంది కనుక స్కోరు తక్కువున్నా ఇస్తారు. లిమిట్ 20,000 అయితే 6,000 లోపే వాడండి. సాధారణంగా బిల్లు తయారయ్యే రోజున ఉన్న బాకీయే రిపోర్టుకు వెళ్తుంది. ఎక్కువ వాడితే బిల్లు తేదీకి ముందే కొంత కట్టేయండి. మినిమం డ్యూ కడితే గడిలో ఆలస్యం పడదు గానీ వడ్డీ మొదలవుతుంది. అందుకే పూర్తి బిల్లుకు ఆటో డెబిట్ పెట్టుకోండి, ఖాతాలో డబ్బు ఉంచండి.

మిగతావి గబగబా. ఒకేసారి నాలుగైదు చోట్ల లోన్‌కు అప్లై చేయొద్దు, ప్రతిదీ రిపోర్టులో ఎంక్వైరీగా పడి స్కోరు తగ్గొచ్చు. మీ స్కోరు మీరు చూసుకుంటే తగ్గదు. వాడని కార్డును డ్రాయర్‌లో పడేయడం కాదు, రద్దు చేయించి కాగితం తీసుకోండి. లేకపోతే 590 రూపాయల లాంటి చిన్న వార్షిక ఫీజు కట్టనందుకు కూడా ఆలస్యం పడుతుంది. స్నేహితుడికో బావమరిదికో హామీ సంతకం చేశారా? ఆ అప్పు కూడా మీ రిపోర్టులో ఉంటుంది. ఆ వరుస కూడా ఈరోజే చూసుకోండి.