సంఘంలో సహాయ నిధి ఎలా నడపాలి? అపొస్తలుల కార్యములు 6 చూపించే దారి

[తెరపై: అపొ. కార్య. 6:1–6]

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు రోజూ భోజనం పంచేవారు. పొలాలు అమ్మి సొమ్ము తెచ్చిన విశ్వాసులున్న సంఘం అది. అయినా గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందలేదు. అపొస్తలులు ఫిర్యాదు చేసినవాళ్లను కసరలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అందలేదో వాళ్ల భాష తెలిసినవాళ్లకే ఆ పని అప్పగించారని మేం అర్థం చేసుకుంటాం.

[దృశ్యం: బెంగళూరు, కడుతున్న అపార్ట్‌మెంట్ పక్కన రేకుల షెడ్లు]

బెంగళూరు తెలుగు సంఘాలు ఈ వాక్యాన్ని దాటిపోలేవు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్లు, కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికో, నరాల, మానసిక జబ్బులు చూసే నిమ్హాన్స్‌కో రోగిని తీసుకొచ్చినవాళ్లు కన్నడ రాక కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. వాళ్లకు డబ్బుకన్నా ముందు పక్కన నిలబడి మాట్లాడే మనిషి కావాలి. కన్నడ, తెలుగు రెండూ వచ్చిన ఇద్దరిని, అందులో ఒక స్త్రీ ఉండేలా, ఈ పరిచర్యకు పెట్టండి.

[తెరపై: 1 కొరింథీ 16:2, 2 కొరింథీ 8:16–22]

ఇక నిధి. యెరూషలేములోని బీదల కోసం ప్రతి ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొద్దీ వాళ్లు తీసి ఉంచాలన్నాడు పౌలు. అందుకే బీదల కానుకకు వేరే పెట్టె, వేరే పుస్తకం ఉండాలి. మామూలు కానుకలో కలిపితే కరెంటు బిల్లు, మైకు రిపేరు దాన్ని తినేస్తాయి. చందా తీసుకువెళ్లే పనికి పౌలు తన జతపనివాడైన తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు, ఎవరూ తప్పు పట్టకూడదని. మనమూ ఇద్దరం కలిసి లెక్కపెట్టి, ఇద్దరం సంతకం చేయాలి. ఫోన్‌పే డబ్బు సంఘం ఖాతాకే రావాలి, పాస్టరు గారి సొంత నంబరుకు కాదు. ఇది ఆయనను అనుమానించడం కాదు, ఆయనకు కాపుదల.

పిడికెడు బియ్యం తెచ్చే అలవాటు మంచిది, మానకండి. కానీ సోనా మసూరి, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే బస్తాలో పోస్తే ఒకటి ఉడికేలోపు ఇంకొకటి ముద్దవుతుంది. వేర్వేరుగా ఉంచి, పురుగు పట్టకముందే పంచేయండి.

[తెరపై: రేషన్ కార్డు, వేలిముద్ర యంత్రం]

అసలు బియ్యం కొనడానికే నిధి అంతా ఖర్చుపెట్టక్కర్లేదు. ఆహార భద్రత చట్టం కింద కార్డున్న కుటుంబాలు చాలావరకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా పొందుతాయి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఆ ధాన్యం బెంగళూరు రేషన్ షాపులోనూ తీసుకోవచ్చు. ఇది రెండు చోట్ల తప్పుతుంది. సిమెంటు పనిలో వేళ్లు అరిగి ముద్ర పడదు. అప్పుడు కార్డులో పేరున్న ఇంకొకరిని తీసుకెళ్లండి. ఊళ్లో ఉన్నవాళ్లు ఆ నెల కోటా మొత్తం తీసుకుని ఉంటే ఇక్కడ ఏమీ రాదు. ఎవరు ఎంత తీసుకోవాలో ముందే మాట్లాడుకోమనండి. అలా మిగిలిన సొమ్ముతో కందిపప్పు, నూనె, పిల్లలకు గుడ్లు కొనివ్వండి. ఆరాధనకు వస్తేనే ఇస్తామనే షరతు వద్దు. సంచి పట్టుకున్న ఫొటో అసలే వద్దు. ధర్మం చేసేటప్పుడు చాటుకోవద్దనే మత్తయి 6:2–4 దానికి చోటివ్వదు.

[తెరపై: లూకా 10:35]

ఆస్పత్రి దగ్గర ఉన్నవాళ్లకు పచ్చి సరుకులు ఇవ్వకండి, పొయ్యి ఉండదు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడు పూటకూళ్లవాడికే రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి, ఎక్కువైతే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. అలాగే మందుల చీటీ చూసి షాపులోనే కట్టండి, బిల్లు పుస్తకానికి కుట్టండి. వాళ్లు ఊరికి వెళ్లేముందు మళ్లీ చూపించుకునే తేదీ రాసుకుని, ఆ రోజు బస్సు చార్జీలు నిధిలో ఇప్పుడే పక్కన పెట్టండి.