డోవర్ కేసు: దిద్దుబాటులో దొరికిపోయిన పుస్తకం

[స్క్రీన్ మీద: పెన్సిల్వేనియా మ్యాప్, డోవర్ దగ్గర ఎర్ర చుక్క]

అమెరికాలోని పెన్సిల్వేనియాలో డోవర్ అని ఒక చిన్న ఊరు. 2004 అక్టోబరులో అక్కడి స్కూల్ బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. తొమ్మిదో తరగతి బయాలజీలో జీవపరిణామం పాఠం మొదలయ్యే ముందు పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపించాలి. డార్విన్‌ది సిద్ధాంతమే తప్ప రుజువైన నిజం కాదు, అందులో లోపాలున్నాయి, జీవుల్ని ఏదో తెలివైన శక్తి రూపొందించిందనే ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అనే మరో వివరణ ఉంది, కావాలంటే ‘ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్’ పుస్తకం చదవండి. స్థూలంగా ఇదీ ఆ ప్రకటన.

రెండు వైపులా చెబితే తప్పేముంది అనిపిస్తుంది కదా? తిరకాసంతా అక్కడే ఉంది. సైన్స్ టీచర్లు ఆ ప్రకటన చదవం అన్నారు. 2005 జనవరిలో అధికారులే క్లాసుకు వచ్చి చదివారు. అప్పటికే 11 మంది తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టుకెళ్లారు. అదే కిట్జ్‌మిల్లర్ కేసు.

[స్క్రీన్ మీద: 1925, 1968, 1987]

కాస్త వెనక్కి వెళ్దాం. 1925లో టెనెసీలో పరిణామం బోధించినందుకు స్కోప్స్ అనే టీచరుకు 100 డాలర్ల జరిమానా పడింది. అలాంటి నిషేధాలు చెల్లవని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ‘పరిణామం చెబితే సృష్టివాదం కూడా చెప్పాల్సిందే’ అనే చట్టాలు వచ్చాయి. సృష్టివాదం అంటే జీవులన్నిటినీ దేవుడే సృష్టించాడనే నమ్మకం. లూసియానా తెచ్చిన అలాంటి చట్టాన్ని 1987లో 7-2 తేడాతో కొట్టేశారు. ప్రభుత్వ బడి మతాన్ని ప్రోత్సహించకూడదన్నది రాజ్యాంగ మొదటి సవరణ పెట్టిన హద్దు.

కాబట్టి డోవర్‌లో తేలాల్సింది దేవుడున్నాడా లేడా అని కాదు. ఇంటెలిజెంట్ డిజైన్ కొత్త సైన్సా, పేరు మార్చుకున్న సృష్టివాదమా?

[స్క్రీన్ మీద: పక్కపక్కనే రెండు చిత్తుప్రతులు]

తల్లిదండ్రుల తరఫు లాయర్లు ప్రచురణకర్తల నుంచి ఆ పుస్తకం పాత చిత్తుప్రతులు తెప్పించారు. బార్బరా ఫారెస్ట్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ వాటిని వరసగా పెట్టి చూశారు. 1987 తీర్పుకు ముందు ప్రతుల్లో ‘సృష్టి’. తర్వాతి ప్రతుల్లో అదే చోట ‘డిజైన్’. నిర్వచనం మాత్రం దాదాపు అక్షరం పొల్లుపోకుండా అదే! ఇలా మారిన మాటలు సుమారు 150 అని తీర్పులోనే ఉంది. ఒకచోట దిద్దుబాటు సగంలో ఆగిపోయింది. ‘క్రియేషనిస్ట్స్’ తీసేసి ‘డిజైన్ ప్రొపొనెంట్స్’ పెట్టబోయి, పాత ఇంగ్లిష్ మాట తలా (c) తోకా (ists) అలాగే వదిలేశారు. ‘సిడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్’ అనే వింత పదం పుట్టింది. నన్నడిగితే, ఎంత గొప్ప లాయరు వాదించినా ఇంత బాగా చెప్పలేడు.

బోర్డు సభ్యుల సాక్ష్యం కూడా వాళ్లనే ముంచింది. బడికి వచ్చిన ‘పాండాస్’ పుస్తకాల డబ్బు ఎక్కడిదో తెలీదన్న బిల్ బకింగ్‌హామ్, తన చర్చిలో తానే విరాళాలు సేకరించారని కోర్టులో బయటపడింది. సృష్టివాదం మాటే ఎత్తలేదన్న ఆయనకు, ఆ మాట అంటున్న ఆయన టీవీ క్లిప్పే వేసి చూపించారు.

బోర్డు తరఫున వచ్చిన ప్రధాన నిపుణుడు మైకేల్ బీహీ బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, సిద్ధాంతానికి తానిచ్చే నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా సైన్స్ సిద్ధాంతం కిందికే వస్తుందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

[స్క్రీన్ మీద: 139 పేజీల తీర్పు]

2005 డిసెంబర్ 20న తీర్పు వచ్చింది. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదు, బోర్డు విధానం రాజ్యాంగ విరుద్ధం. రాసింది ఎవరో లెఫ్ట్ జడ్జి అనుకోకండి. జాన్ జోన్స్ రిపబ్లికన్, జార్జ్ బుష్ నియమించిన మనిషి.

తీర్పుకు ముందే, నవంబర్ ఎన్నికల్లో పోటీచేసిన పాత సభ్యులు ఎనిమిది మందినీ ఊరి జనం ఓడించారు. కొత్త బోర్డు అప్పీలుకు వెళ్లలేదు. లాయర్ల ఖర్చు కింద పది లక్షల డాలర్లకు పైగా కట్టింది. అప్పీలు లేదు కాబట్టి కేసు పై కోర్టులకు చేరలేదు. చట్టం లెక్కన ఇతర రాష్ట్రాలు ఈ తీర్పుకు కట్టుబడక్కర్లేదు. అయినా 2006 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్ర విద్యాబోర్డు, పరిణామాన్ని ప్రశ్నించేలా తయారుచేసుకున్న తన పాఠాన్ని తనే పక్కన పెట్టేసింది.