మైకు లేని నాటకం: శుక్రాచార్య రాభా

అందరికీ నమస్కారం.

మొదట ఒక చిన్న ఇబ్బంది చెప్పాలి. మైకు లేకుండా నాటకాలాడించిన మనిషి గురించి మాట్లాడమని నన్ను పిలిచి, చేతికి మైకు ఇచ్చారు. హాలు పెద్దది, నా గొంతు పాతది, కాబట్టి పట్టుకునే మాట్లాడతాను. ఆయనే వచ్చి ఉంటే బహుశా దీన్ని బల్ల మీద పెట్టేసి, వెనక వరసల్లో ఉన్న మిమ్మల్ని ముందుకు జరగమనేవారు.

ఆయన పేరు శుక్రాచార్య రాభా. మన పౌరాణిక నాటకాలు చూసి పెరిగిన వాళ్లకు ఈ పేరు వినగానే వామనుడి కమండలం, పోయిన కన్ను గుర్తుకు వస్తాయి. మృతసంజీవని తెలిసిన గురువు కూడా ఆయనే అన్న సంగతి ఎందుకో తర్వాత గుర్తుకు వస్తుంది. ఈ శుక్రాచార్య 1977లో అస్సాంలోని గోల్‌పారా జిల్లా, రాంపూర్ అనే పల్లెలో పుట్టారు. గువాహటి నుంచి పడమటికి, బ్రహ్మపుత్రకు దక్షిణపు గట్టున ఉంటుంది ఆ ప్రాంతం. ఇంకాస్త దక్షిణానికి నడిస్తే మేఘాలయలోని గారో కొండలు. రాభాలు అక్కడి గిరిజనులు. వాళ్ల భాష బోడో, గారో భాషలకు చుట్టం. అస్సామీ వేరే కుటుంబానికి చెందిన భాష. బడిలో, బజారులో, సర్కారు కచేరీలో అస్సామీ; ఇంట్లో రాభా. మన మన్యంలో సవర, కువి పిల్లల సంగతి తెలిసినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

1998లో, 21 ఏళ్ల వయసులో, ఆయన తన ఊళ్లోనే ఒక నాటక సంస్థ పెట్టారు. దానికి బదుంగ్‌దుప్పా కళాకేంద్ర అని పేరు. బదుంగ్‌దుప్పా అంటే వెదురుతో చేసే రాభా వాద్యం. ఊరు వదిలి గువాహటికో, ముంబాయికో పోవలసిన వయసులో ఊళ్లోనే వెదురు వాద్యం పేరుతో కేంద్రం పెట్టినవాణ్ణి చూసి పెద్దవాళ్లు ఏమనుకుని ఉంటారో మీరు ఊహించుకోండి. నేను నాటకాల్లోకి వెళతానన్నప్పుడు మా నాన్నగారు అన్న మాటలు ఈ సభలో చెప్పదగినవి కావు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. పల్లెటూళ్లో వేదిక దొరకక, డబ్బు లేక ఆయన అడవిలో నాటకాలు ఆడించారని కొందరు జాలిగా చెబుతుంటారు. అస్సాంలో నాటకానికి జనం కరువు కాదు. 15, 16 శతాబ్దాల్లో వైష్ణవ గురువు శంకరదేవుడు మొదలుపెట్టిన అంకియా నాట్‌లు అనే భక్తి నాటకాలు, భావనా అని పిలిచే వాటి ప్రదర్శనలు నేటికీ నామ్‌ఘర్‌లనే ఊరి ప్రార్థనా మందిరాల్లో జరుగుతూనే ఉన్నాయి. సూత్రధారుడు మొదటినుంచి చివరిదాకా రంగం మీదే ఉంటాడు. మనకైతే ప్రస్తావన ముగియగానే వెళ్లిపోతాడు. ఇక 1963లో పాఠశాల అనే పట్టణం నుంచి అచ్యుత్ లహ్‌కర్ నటరాజ్ థియేటర్ పేరుతో సంచార నాటకశాలను బయలుదేరదీశారు. లారీల్లో గుడారం, కుర్చీలు, వేదిక, జనరేటరు, వంటవాళ్లు అందరూ ఊరూరా తిరుగుతారు. పక్కపక్కన రెండు వేదికలు కడతారు. ఒకదాని మీద రంగం అవుతుండగానే రెండోదాని మీద తర్వాతి రంగానికి సామాను సర్దేస్తారు. 1885 నుంచి మన సురభి కుటుంబాలు చేస్తూ వచ్చిన దానికి ఇది దూరపు తమ్ముడు. మాయలూ మంత్రాలూ చూపించడంలోనూ అదే పట్టుదల. టైటానిక్ ఓడను వేదిక మీద ముంచి చూపించారు! వేల మంది టిక్కెట్లు కొని చూశారు.

అంటే ఆ పల్లె యువకుడి ముందు తయారుగా ఒక దారి ఉంది. లైట్లు, హోరు, సినిమా తారలు, నిండిన గుడారం. అది ఆయన పట్టలేదు. మణిపూర్‌కు వెళ్లారు.

ఇంఫాల్‌లో నాటక దర్శకుడు హైస్నామ్ కన్హయ్యలాల్ ఉన్నారు. యువకుడిగా ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో చేరి, చదువు పూర్తికాకుండానే బయటికి రావలసి వచ్చిన మనిషి. అక్కడి హిందీ ఆయన నోటికి పట్టలేదు. తిరిగి వచ్చి 1969లో కళాక్షేత్ర మణిపూర్ స్థాపించారు. మాట ఎదురుతిరిగినప్పుడు దేహం ఏం చేయగలదు అన్న ప్రశ్నతో జీవితమంతా పనిచేశారు. ఆయన భార్య సావిత్రి నటన చూసినవాళ్లకు ఆ ప్రశ్నకు జవాబు తెలుసు. ఊపిరి, నడక, మూలుగు, పక్షి కూత, నిశ్శబ్దం: ఇవే అక్కడి సంభాషణలు. శుక్రాచార్య ఆయన దగ్గర శిష్యరికం చేశారు. శిష్యుడన్న మాట మనం చాలా సులువుగా వాడేస్తాం, మూడు రోజుల శిబిరానికి వెళ్లి వచ్చినా శిష్యులమే. ఇది అలాంటిది కాదు, గురువు 2016లో కన్నుమూసేదాకా నిలిచిన బంధం.

నేర్చుకున్నది తెచ్చి శుక్రాచార్య ఎక్కడ నాటారంటే, సాల వృక్షాల కింద. మనం దేవుడి గదిలో ధూపం వేసే గుగ్గిలం ఈ చెట్టు జిగురే. నిటారుగా, స్తంభంలా పెరుగుతుంది. ఆ అడవుల చోట రబ్బరు తోటలు వస్తున్న కాలమది. 2008లో ఆయన తన ఊరి సాలవనంలో ఒక నాటకోత్సవం మొదలుపెట్టారు. దాని పేరే ‘సాల వృక్షం కింద’. ప్రతి డిసెంబరులో పగటిపూట నాటకాలు. విద్యుద్దీపాలు లేవు, మైకులు లేవు. మట్టితో అలికిన వేదిక, చుట్టూ మెట్లుమెట్లుగా వెదురుతో కట్టిన గ్యాలరీ, నేపథ్యంగా చెట్లు. సూర్యుడు చెట్ల సందున ఎంత దింపితే అంతే వెలుతురు. నాటకం మధ్యలో ఆకు రాలితే రాలుతుంది. పక్షి అరిస్తే నటుడు ఆగుతాడు, లేదా దానితో కలిసిపోతాడు.

నటుడి సంగతి అలా ఉంచండి, చూసేవాళ్లను గమనించండి. చుట్టుపక్కల ఊళ్ల రైతులు, చంటిపిల్లల తల్లులు, బడిపిల్లలు అక్కడి ప్రేక్షకులు. మైకు లేని చోట ఒకరు గుసగుసలాడినా పక్కవాళ్లకు నాటకం పోతుంది. కాబట్టి వందల మంది ఊపిరి బిగబట్టి వింటారు. దేశంలోని వేర్వేరు రాష్ట్రాల నుంచీ, బయటి దేశాల నుంచీ బృందాలు వచ్చి అక్కడ ఆడాయి. నగరాల్లో లైటింగు చార్టులు చేత్తో పట్టుకుని తిరిగే దర్శకులు అక్కడికి వచ్చాక ఆ కాగితాలు ఏం చేసుకున్నారో చూడాలని నాకు ఒక చిన్న సరదా.

మన పరిషత్తుల్లో పెరిగినవాణ్ణి నేను. తాళ్లకు వేలాడే మైకు కిందికి వచ్చి నిలబడి డైలాగు చెప్పడం మాకు అలవాటు. ప్రియురాలితో మాట్లాడినా, యముడితో మాట్లాడినా మైకు వైపే మొహం. కథ ఎక్కడ జరుగుతున్నా ముఖ్యమైన మాటలన్నీ వేదిక మీద ఆ రెండు మూడు అడుగుల చోటే పుట్టేవి. ఒకసారి ఒక చిన్న పట్టణంలో మా నాటకం సగంలో ఉండగా మైకులు పోయాయి. నేను కంగారుపడి గొంతు పెంచాను. లాభం లేకపోయింది. మా తోటి నటుడొకరు, వయసులో పెద్దవారు, గొంతు తగ్గించారు. వెనకవాళ్లు లేచి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నారు. చివరి ఇరవై నిమిషాలూ నా జీవితంలో బాగా ఆడిన ఇరవై నిమిషాలు. మర్నాడు మేం చేసిన మొదటి పని ఏమిటంటే, మైకువాడితో తగువు పెట్టుకోవడం. మాకు అనుకోకుండా దొరికిన దాన్ని పారేసుకున్నాం. రాంపూర్‌లో దాన్నే కావాలని ఎంచుకుని, ఏళ్ల తరబడి సాధన చేశారు.

ఆయన నాటకాల్లో రెండింటి గురించి చెబుతాను. ఒకటి ‘రూపాలీమ్’. జ్యోతిప్రసాద్ అగర్వాలా రాసిన అస్సామీ నాటకం. మొదటి అస్సామీ సినిమా ‘జయమతి’ని 1935లో తీసింది కూడా ఆయనే. ఒక కొండజాతి అమ్మాయి కథను మైదానపు కవి ఊహించి రాశాడు. ఆ కథను కొండలకు దగ్గరగా పుట్టినవాళ్లు తమ నడకతో, తమ ఊపిరితో ఆడితే ఎవరి కథ ఎవరు చెబుతున్నట్టు? అది అనువాదం కన్నా పెద్ద పని. రెండోది మాదయ్య కథ. కన్నడంలో హెచ్.ఎస్. శివప్రకాశ్ రాసిన, చెప్పులు కుట్టే శరణుడి, అంటే వీరశైవ భక్తుడి నాటకం. దాన్ని శుక్రాచార్య రాభా భాషలోకి తెచ్చుకున్నారు. పాల్కురికి సోమనాథుడి ద్వారా మనకు ఆ శరణుల లోకం బాగా తెలుసు. మన పక్కింటి నుంచి బయలుదేరిన మాదయ్య బ్రహ్మపుత్ర దాటి వెళ్లి రాభా మాట్లాడాడు. ఎనిమిది వందల ఏళ్లుగా పొరుగునే ఉన్న మనం అతణ్ణి నాటకంలోకి ఎన్నిసార్లు పిలిచామో లెక్క చూసుకుంటే నాకైతే సిగ్గేసింది.

రాభా రానివాళ్లకు అర్థమవుతుందా అని ఎవరైనా అడగవచ్చు. కూచిపూడి భామాకలాపం చూసే విదేశీయుణ్ణి మనం ఆ ప్రశ్న అడగం.

2009లో ఆయనకు సంగీత నాటక అకాడమీ ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం వచ్చింది. పురస్కారాల గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

2018 జూన్ 8న గుండెపోటుతో పోయారు. 41 ఏళ్లు. గురువు పోయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. నాటకరంగంలో 41 అంటే దర్శకుడు అప్పుడే తన మొదటి పొరపాట్లను దాటి, రెండో రకం పొరపాట్లకు తయారయ్యే వయసు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే: ఆయన చేయబోయే పొరపాట్లు మనకు దక్కలేదు.

ఇలాంటి చోట సంస్థ మూతపడుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒక మనిషి మీద నిలబడిన నాటక సమాజాలు మన ఊళ్లలో ఎన్ని కూలాయో లెక్కలేదు. రాంపూర్‌లో ఆయన భార్య, ఆయన తయారుచేసిన నటులు ఉత్సవాన్ని ఆగనివ్వలేదు. వెదురు మళ్లీ కొట్టారు, గ్యాలరీ మళ్లీ కట్టారు, మట్టి మళ్లీ అలికారు. ఏడాదికోసారి విప్పేసి, ఏడాదికోసారి కొత్తగా కట్టే నాటకశాల అది.

మన పిల్లలు వేషాలు వేసుకుని తెర వెనక గంట నుంచీ ఎదురుచూస్తున్నారు. నేను దిగిపోతాను. మైకు ఆపరేటరు గారూ, మీరు కాస్త బయటికి వెళ్లి టీ తాగి రండి. వెనక ఉన్నవారు ముందుకు రండి, ఇక్కడ చాపలున్నాయి.