దస్తావేజు వెనక వైపు కూడా తీయండి

పెద్దలందరికీ నమస్కారం.

ఇంట్లో ఉన్న కాగితాలను ఫోనులోకి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం గురించి చెప్పమన్నారు. యాప్‌ల గురించి ఎక్కువ మాట్లాడను. ఆండ్రాయిడ్ ఫోనుకు గూగుల్ డ్రైవ్‌లో, ఐఫోనుకు నోట్స్‌లో స్కాన్ సదుపాయం ఉంది. మనకు అవి చాలు. అసలు జాగ్రత్తంతా కాగితం దగ్గరే కావాలి.

మన విశాఖలో కాగితం త్వరగా పాడవుతుంది. ఉప్పుగాలికి స్టేప్లర్ పిన్ను తుప్పు పడుతుంది, ఆ తుప్పు కాగితంలోకి దిగి చివరికి అక్కడ చిల్లు మిగులుతుంది. వానాకాలం బీరువాలో చెమ్మ, గోడవారన చెద. ఇక తుపాను సంగతి మీకు నేను చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన గదుల్లోకి కొట్టింది. తడిసిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటే చిరగకుండా విడదీయడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు.

ఉదాహరణకు ఒక్క కాగితం తీసుకుందాం. 1980ల్లో సీతమ్మధారలోనో గాజువాకలోనో కొన్న స్థలం దస్తావేజు అనుకోండి. చాలామంది ముందు వైపు ఫొటో తీసి, పని అయిపోయిందనుకుంటారు. దయచేసి తిప్పి చూడండి. స్టాంపు వెండరు సంతకం, ఆ స్టాంపు ఎవరి పేరున, ఏ తేదీన కొన్నారో వెనకే ఉంటుంది. వేలిముద్రలు, సాక్షుల సంతకాలు, ఊదారంగు ముద్రలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ పుస్తకంలో, ఏ సంపుటంలో, ఏ పేజీల్లో నమోదైందో రాసి ఉంటుంది. రేపు అసలు కాగితం పోయినా ఆ నంబరు, ఏడాది, ఆఫీసు పేరు చేతిలో ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఆ వీలుంది. నంబరు లేకపోతే పేర్లు, సర్వే నంబర్లు పట్టుకుని ఒక్కో ఏడాదీ వెతికించుకోవాలి. ఆ టెన్షన్ మన పిల్లలకు ఎందుకు పెట్టాలి?

కాబట్టి ప్రతి పేజీ రెండు వైపులా తీయండి, ఖాళీగా కనిపించినా సరే. రంగుల్లోనే తీయండి. స్కాన్ యాప్‌లు అక్షరాలు నల్లగా, కాగితం తెల్లగా కనిపించేలా ఫిల్టర్ వేస్తాయి. కరెంటు బిల్లుకైతే అది బాగానే ఉంటుంది. పాత దస్తావేజు మీద మాత్రం వెలిసిన ముద్రను, పలచటి వేలిముద్రను మరక అనుకుని తుడిచేస్తుంది. కలర్ అని గానీ, ఫిల్టర్ వద్దు అని గానీ ఎంచుకోండి.

మడతలు గట్టిపడితే ఇస్త్రీ పెట్టెతో నొక్కకండి. ముందురోజు రాత్రి బరువైన పుస్తకం కింద పెట్టండి. పగటిపూట కిటికీ పక్కన, ముదురురంగు దుప్పటి మీద పరచండి. ఫ్లాష్ వద్దు. మీ నీడ కాగితం మీద పడకుండా నిలబడండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, పట్టాలంటే సుమారు 87 లక్షల పిక్సెళ్లు కావాలి. కాగితం ఫ్రేము నిండా ఉంటే 12 మెగాపిక్సెల్, అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్ల కెమెరా సరిపోతుంది. స్టాంపు పేపరు అంతకంటే పొడుగు కాబట్టి, నంబర్లు ఉన్న భాగాన్ని దగ్గరగా ఇంకోసారి తీయండి. తీశాక జూమ్ చేసి, అన్నిటికంటే చిన్న అక్షరం చదవగలుగుతున్నారా అని చూడండి. లేకపోతే మళ్లీ తీయాల్సిందే. ఏటీఎం స్లిప్పులు, షాపు బిల్లులు థర్మల్ కాగితం మీద వస్తాయి, వాటి అచ్చు దానంతటదే వెలిసిపోతుంది. వారంటీ బిల్లు ఉంటే కొన్నరోజే తీసి పెట్టుకోండి.

కంప్యూటర్‌లోకి కేబుల్‌తో ఎక్కించండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. ఫైలు పేరులో ఏడాది ముందు రావాలి: 1987-06-14, తర్వాత స్థలం పేరు, తర్వాత అది దస్తావేజా, ఈసీనా (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం), పన్ను రసీదా. అలా పెడితే ఫైళ్లు వాటంతటవే తేదీల వరసలో నిలబడతాయి. ఈ పేర్లు మీకు అర్థమైతే చాలదు. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ కోడలో అల్లుడో ఫోన్ చేసి అడక్కుండా వెతుక్కోగలగాలి.

అసలు కాగితాన్ని మాత్రం పారేయకండి. మనం తీసిన స్కాన్‌కు అసలు దస్తావేజు విలువ రాదు. 2015లో మొదలైన డిజీలాకర్‌లోకి సంబంధిత ప్రభుత్వ శాఖే నేరుగా ఇచ్చిన పత్రాలకు చట్టం అసలుతో సమానమైన విలువ ఇస్తుంది. అదే డిజీలాకర్‌లో మనంతట మనం ఎక్కించుకున్న ఫొటోలకు ఆ విలువ లేదు.

చివరిగా, కాపీలు ఎక్కడ ఉంచాలి? హుద్‌హుద్ తర్వాత కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అలాంటప్పుడు ఇంటర్నెట్‌లో దాచినవి ఉన్నా మన చేతికి రావు. కంప్యూటర్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, పాస్‌వర్డ్ పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. ఆ పెన్‌డ్రైవ్ ఈ ఊళ్లో వద్దు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మీవాళ్ల ఇంట్లో ఉండనివ్వండి. ఏళ్ల తరబడి తీయకుండా వదిలేస్తే పెన్‌డ్రైవ్ కూడా పాడవుతుంది. ఏటా సెప్టెంబరులో, అక్టోబరు తుపాన్లకు ముందు, నాలుగు ఫైళ్లు తెరిచి చూడమని వాళ్లకు చెప్పండి.

దస్తావేజులు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ కిటికీ పక్కనున్న బల్ల దగ్గరికి రండి. మొదటి పేజీ కలిసి తీద్దాం.