స్వార్థం ఎవరికి చెప్పాలి?

(శ్రీకాకుళంలో పుస్తకాలు చదువుకునే మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ నెల నాకిచ్చిన అంశం "స్వార్థమే ధర్మం అనే తత్వం ఈ రోజుల్లో చెల్లుతుందా?" అని. ఇంట్లో చెబితే మా ఆవిడ, "చెల్లకపోవడమేటి, ఊరంతా అదే నడుస్తుంటే" అంది. ప్రసంగం అక్కడితో అయిపోవాలి. కానీ మైకు ఇచ్చారు, పైగా నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి. మైకు ఇస్తే వదలడం మాకు తెలీదు.

ఈ తత్వాన్ని దాచుకోకుండా, సిగ్గుపడకుండా చెప్పిన మనిషి అయన్ ర్యాండ్. 1905లో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రిది మందుల షాపు. విప్లవం వచ్చాక ఆ షాపు ప్రభుత్వపరం అయింది. ఆ వయసు పిల్లకి విప్లవం అంటే ఏం అర్థమవుతుంది? నాన్న షాపు పోయింది, అది "అందరి మంచి కోసం" అన్నారు, అంతే. అందరి మంచి అనే మాట చెవిన పడితే ఆవిడ జీవితాంతం అనుమానంగానే చూసింది. 1926లో అమెరికా వెళ్ళింది. 1943లో ఒకటి, 1957లో ఒకటి పెద్ద నవలలు రాసింది. 1964లో వ్యాసాల సంపుటానికి ఏకంగా స్వార్థాన్ని సద్గుణం అంటూ పేరు పెట్టింది. ఆ పేరు చూసే సగంమంది ఆవిణ్ణి తిట్టారు. మిగతా సగం ఆ పేరు చూసే మెచ్చుకున్నారు. లోపల ఏముందో చదివినవాళ్ళు తక్కువ.

లోపల ఉన్నది ఇదీ. నిన్ను నువ్వు ఇతరులకి బలి పెట్టుకోకు, ఇతరుల్ని నీకోసం బలి పెట్టకు. మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సింది బేరం. ఇద్దరూ ఇష్టపడి ఇచ్చిపుచ్చుకోవాలి. లంచం తినేవాడు, కల్తీ చేసేవాడు, కబ్జా చేసేవాడు ఆవిడ లెక్కలో స్వార్థపరులు కూడా కాదు, పరాన్నభుక్కులు. మన ఊళ్ళలో స్వార్థపరుడు అనగానే గుర్తొచ్చే మనిషిని ఆవిడా గడప తొక్కనిచ్చేది కాదన్నమాట. ఇది తెలిశాక నాకు కొంచెం ఇబ్బంది కలిగింది. తిట్టడానికి సిద్ధమై చదవడం మొదలుపెట్టాను మరి.

నేను కట్టుకున్న ఈ పంచె పొందూరుది. వడికే ముందు దూదిని వలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళు చేసే పని ఏ ఇనుప దువ్వెనా చెయ్యలేదట. తర్వాత రాట్నం ముందు కూర్చుని ఒక ఆడమనిషి వెంట్రుకలాంటి నూలు తీస్తుంది. ఆ పక్కన నిలబడి చూశాను నేను. పోగు తెగబోయే ముందే ఆవిడ వేళ్ళకి తెలిసిపోతుంది. ఆ నేర్పు ఏ సంఘానిదీ కాదు, ఏ ప్రభుత్వానిదీ కాదు, ఆవిడ వేళ్ళది. "అది నాది, దాని ధర నేను అడుగుతాను" అని ఆవిడ అంటే తప్పేటి? అయన్ ర్యాండ్ ఆవిడ పక్షానే నిలబడాలి, పుస్తకం ప్రకారం. కానీ ఆ పుస్తకాల్లో రాట్నం ముందు కూర్చున్న మనిషి మీద వెలుగు పడదు. ఎక్కువగా పడేది రైళ్ళ కంపెనీ వారసులమీద, ఉక్కు మిల్లు యజమానులమీద. ఆ ప్రధాన పాత్రలెవరూ పిల్లల్ని పెంచరు, జ్వరం వచ్చిన పసివాడికి రాత్రంతా తడిగుడ్డ వేయరు. అక్కడ బేరం ఎలా కుదురుతుందో ఆవిడ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెబితే నా పరువు కొంచెం పోతుంది, పర్వాలేదు.

1996లో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. మేం ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. ముగ్గురం మూడు ఊళ్ళలో ఉద్యోగాలు. చెల్లెలు బరంపురం అవతల ఒక బ్యాంకులో చేస్తోంది, పెళ్ళి కాలేదు. అమ్మ ఒక్కతే నాన్నని లేపలేకపోతోంది. అన్నదమ్ములం మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడం కూడా ఏమీ లేదు, చెల్లెలు ఉద్యోగం మానేసి వస్తుందని ముగ్గురం ఎవరికి వాళ్ళం అనుకునేశాం. అది రానంది. అమ్మ ఏడ్చింది. "ఏటే గుంటా, నీ సుకమే సూసుకుంతావా?" అంది. ఆ రోజు పొద్దున్న క్లాసులో నేను ఆడం స్మిత్ చెప్పి వచ్చాను. రొట్టెలవాడు మనకి రొట్టె ఇచ్చేది దయతో కాదు, తన లాభం చూసుకుని, అని 1776లో ఆయన రాసిన పాఠం. సాయంత్రం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, మీటరు తిరుగుతుంటే చూసుకుంటూ, "అంత స్వార్థం పనికిరాదమ్మా" అని చెల్లెలికి నీతి చెప్పాను.

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత అంది: "అన్నయ్యా, మీ ముగ్గురిలో ఎవరైనా ఉద్యోగం మానతానన్నారా? నా జీతంలోంచి మనిషిని పెడతాను. నెలకి నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తాను. మీరూ తలా నాలుగు రోజులు రండి. అప్పుడు మాట్లాడదాం."

నూట ఎనిమిది రూపాయల బిల్లయింది. జవాబు మాత్రం లేదు నా దగ్గర. ఆరేళ్ళు అలాగే జరిగింది. ఆమదాలవలసలో రైలు దిగి అది నెలనెలా వచ్చేది. మేం కూడా వచ్చాం, రాక చస్తామా. నాన్నకి గడ్డం గీయడం నేను అప్పుడే నేర్చుకున్నాను.

మా చెల్లెలు అయన్ ర్యాండ్ పేరు కూడా విని ఉండదు. కానీ ఆ తత్వంలో నాకు కనిపించిన నిజం అంతా ఆ ఫోన్ కాల్లోనే ఉంది. త్యాగం చెయ్యమని మనం ఎవర్ని అడుగుతున్నాం? ఎదురు చెప్పలేరనుకున్నవాళ్ళనే. ఆడపిల్లని, పెద్ద కొడుకుని, జీతగాణ్ణి, కోడల్ని. విజయనగరం గురజాడ "సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్" అన్నాడు. "కొంత" అన్నాడు, బాగుంది. ఆ కొంత ఎంతో ఎవరు కొలవాలి అన్నది మాత్రం పాటలో దొరకదు. మా ఇంట్లో అది కొలిచింది నేను. చెల్లెలికి మొత్తం, మాకు సున్నా. (బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్యకి చెబుతాడు, భర్త ప్రియమయ్యేది భర్త కోసం కాదు, ఆత్మ కోసం అని. ఆ ఆత్మ వేరు, మనం మాట్లాడే స్వార్థం వేరు అని మన శాస్త్రిగారు ఇప్పుడే తల ఊపుతున్నారు, ఒప్పుకుంటాను.)

కాబట్టి ఈ తత్వం చెల్లుతుంది అని చెప్పి దిగిపోవచ్చు. దిగనివ్వని సంగతి నీళ్ళు.

దానికి ముందు ఒక్క మాట. అలాన్ గ్రీన్‌స్పాన్ అని అయన్ ర్యాండ్ దగ్గర కూర్చుని ఆ పాఠాలు విన్న మనిషి. 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకి అధిపతి. బ్యాంకుల్ని వాటి స్వార్థమే కాపాడుతుంది, ఏ బ్యాంకైనా తన గొయ్యి తనే తవ్వుకుంటుందా అని నమ్మాడు. 2008లో బ్యాంకులు కూలాయి. అక్టోబరులో అక్కడి పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, నా ఆలోచనలో లోపం కనిపించింది అని ఒప్పుకున్నాడు. ఎనభై రెండేళ్ళ వయసులో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. మా చెల్లెలి ముందు ఆ మాట అనడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇక నీళ్ళు. మాది లావేరు వైపు ఊరు. నా చిన్నప్పుడు నూతిలో చేదకి అందేవి. తర్వాత బోర్లు వచ్చాయి. ముందు వేసినాయన నూట ఇరవై అడుగులకే మొక్కజొన్న పండించాడు. పక్కాయన నూట ఎనభైకి దిగాడు, మొదటాయన మోటారు గాలి పీల్చింది. ఆయన అప్పు చేసి రెండు వందల అరవైకి వెళ్ళాడు. ఇందులో దొంగ ఎవరూ లేరు. ప్రతి ఒక్కరూ తన పొలంలో, తన డబ్బుతో, తన పంట కోసం తవ్వుకున్నారు. ఇంకొకణ్ణి బలి పెట్టాలని ఎవరూ అనుకోలేదు. కానీ భూమి లోపల గట్లు లేవు కదా. ఎవరి పొలం కింద నీరు వాళ్ళదే అని పట్టా రాసుకోగలం గానీ, నీరు ఆ పట్టా చదవదు. బోరుకి అనుమతి కావాలని 2002లోనే వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. బోరు తవ్వే రిగ్గు బండి మాత్రం రాత్రిపూటే వస్తుంది మా ఊరికి. ఎందుకంటారు?

బేరంతో అన్నీ తేలతాయి అన్న తత్వం ఇక్కడ బోర్లా పడింది. బేరం ఆడాలంటే ఎవరిది ఎంతో తెలియాలి. ఊళ్ళో అందరికంటే లోతైన బోరు వేసినవాడికి అయన్ ర్యాండ్‌ని చదివి వినిపిస్తే మురిసిపోతాడు. మా చెల్లెలికి వినిపించాల్సింది వాడికి వినిపిస్తున్నామన్నమాట. ఈ రోజుల్లో ఎక్కువగా జరిగేది అదే. కోడలు తన జీతం తన ఖాతాలో వేసుకుంటే స్వార్థం. చెరువు గర్భంలో ప్లాట్లు వేస్తే డెవలప్‌మెంట్.

మొన్న వేసవిలో మా ఊరి రామకోవెల దగ్గర మీటింగు పెట్టారు. కొత్త బోర్లు వెయ్యొద్దు, ఉన్నవి వంతులవారీగా నడుపుదాం, చెరువులో పూడిక తీద్దాం అని ఒక కాగితం రాశారు. పద్దెనిమిది మంది సంతకం పెట్టారు. నాకు అక్కడ రెండెకరాలుంది. బోరు రెండు వందల ఎనభై అడుగులు, ఇంకా నీళ్ళొస్తున్నాయి. నేను సంతకం పెట్టలేదు. చదివి పెడతానని జేబులో పెట్టుకొచ్చాను. ఎకనామిక్స్ మేష్టరు కదా, చదివే పెడతాడులే అని వాళ్ళు నమ్మారు.

ఇంటికి తెచ్చి మా చెల్లెలికి చూపించాను. ఇప్పుడు రిటైరై మా వీధిలోనే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఎవరెవరు ఎంత వదులుకుంటున్నారో ఇందులో రాయలేదేటి? బోరు ఎండిపోయినవాళ్ళకి ఏమిస్తారు?" అని వెనక్కి ఇచ్చేసింది.

అది రాయించి తెమ్మని మొన్న ఆదివారం కబురు పంపాను. ఇంకా రాలేదు.